మొదటి కిట్ ఏది కొనాలి: ట్యాంకా, విమానమా, ఓడా?

విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూసి బయటికి రాగానే మా మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, ఇంట్లో పెట్టుకునేంత చిన్నది దొరుకుతుందా?" అని. వాడు ఏడో క్లాసు. రోడ్డు దాటి టీయూ-142 విమానం కూడా చూసొచ్చాక ప్రశ్న ఇంకాస్త పెరిగింది. "పోనీ ఆ విమానం? ట్యాంకు?"

దొరుకుతాయి. మరీ ఎక్కువ దొరకడమే తలనొప్పి. ప్లాస్టిక్ మోడల్ కిట్లు అమ్మే ఏ సైటు తెరిచినా జపాన్ వాళ్ల యమాటో యుద్ధనౌక, బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానం, జర్మన్ టైగర్ ట్యాంకు, రష్యా మిగ్ విమానం, అమెరికా మిస్సోరీ యుద్ధనౌక వరసగా కనిపిస్తాయి. డబ్బా మీద మంటలు, పొగ, అలలు. డబ్బా తెరిస్తే బూడిదరంగు ఫ్రేములు, వాటికి అంటుకుని వందల ముక్కలు. ఇది ముందే తెలియక చాలామంది మొదటి కిట్‌తోనే ఈ హాబీకి దండం పెట్టేస్తారు.

నేను ఎనిమిదేళ్లుగా ఇవి కడుతున్నాను. పూర్తయినవి హాల్లో కొండపల్లి బొమ్మల పక్కన ఉంటాయి, పూర్తికానివి బీరువా పైన. బీరువా పైనున్న వాటిలో ఎక్కువ ఓడలే. ఓడలంటే ఇష్టం లేక కాదు, ఇష్టం ఎక్కువై తొందరపడి కొనేయడం వల్ల. అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతాను: ఏది ముద్దొస్తోందో చూసి కొనకండి, ఏ చాకిరీ విసుగు లేకుండా చేయగలరో చూసి కొనండి. ట్యాంకు చాకిరీ వేరు, విమానం చాకిరీ వేరు, ఓడది మరీ వేరు.

ముందు స్కేలు సంగతి

డబ్బా మీద 1/35, 1/72, 1/700 అని ఉంటుంది. అసలు వస్తువు అందులో అన్నో వంతు అన్నమాట. 1.7 మీటర్ల మనిషి 1/35లో దాదాపు 5 సెంటీమీటర్లు ఉంటాడు, 1/72లో 2.4 సెంటీమీటర్లు. 1/700లో 2.4 మిల్లీమీటర్లు, అంటే నువ్వుగింజంత.

ట్యాంకులకు ఎక్కువగా 1/35 వాడతారు. ఈ అంకె ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. 1961లో జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా బొమ్మ సైజు పెట్టుకుంది. తర్వాత లెక్కేస్తే 1/35 దగ్గర తేలింది. అది బాగా అమ్ముడుపోవడంతో మిగతా కంపెనీలూ అదే పట్టుకున్నాయి. విమానాల 1/72 మాత్రం బ్రిటిష్ కొలతల లెక్క, ఆరడుగులకు ఒక అంగుళం. ఓడల 1/700 కథ 1971లో మొదలైంది. షిజువోకాలోని నాలుగు కంపెనీలు (టమియా, హసెగావా, అయోషిమా, ఫుజిమి) జపాన్ నౌకాదళం ఓడలను తమలో తాము పంచుకుని వాటర్‌లైన్ సిరీస్ మొదలుపెట్టాయి. నీటి గీత దగ్గర కోసేసినట్టు అడుగు లేకుండా ఉంటాయి కాబట్టి టేబుల్ మీద పెడితే సముద్రం మీద తేలుతున్నట్టే ఉంటుంది.

స్కేలు ఎందుకు చూడాలంటే, ఇంట్లో చోటు కోసం. 263 మీటర్ల యమాటో 1/700లో 37 సెంటీమీటర్ల పైచిలుకు, పుస్తకాల అరలో సర్దుకుంటుంది. 1/350లో 75 సెంటీమీటర్లు. మన కొత్త ఐఎన్‌ఎస్ విక్రాంత్ పొడవూ ఇంచుమించు అంతే కనుక లెక్క అదే. బీచ్‌లో ఉన్న టీయూ-142 అయితే 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు. 1/72లో అది 74 సెంటీమీటర్ల పొడవు, 69 సెంటీమీటర్ల వెడల్పు. మా టీపాయ్ మీద దాన్ని పెడితే కాఫీ కప్పులు చేత్తో పట్టుకుని కూర్చోవాలి. 1/144లో కొంటే సగమవుతుంది.

ట్యాంకు: తప్పులు కడుపులో దాచుకుంటుంది

కొత్తవాళ్లను ఎక్కువగా క్షమించేది ట్యాంకే. దీనికి అద్దాల భాగాలు దాదాపు ఉండవు. రంగు చాలావరకు ఒక్కటే, ఆకుపచ్చో ఇసుక రంగో. అతుకు సరిగ్గా కుదరలేదా, దాని మీద బురద పూస్తే సరి. ట్యాంకు శుభ్రంగా ఉంటేనే అనుమానించాలి.

కానీ చక్రాలుంటాయి. టీ-55 తీసుకుంటే ఒక్కో పక్క 5 చక్రాలు, ప్రతిదీ జంట చక్రం, అంటే మొత్తం 20 బిళ్లలు. టీ-72కి పక్కకి 6, మొత్తం 24. ప్రతి బిళ్లనూ ఫ్రేము నుంచి సైడ్ కట్టర్‌తో కత్తిరించాలి, కత్తిరించిన చోట మిగిలే మొటిమను గరుకు కాగితంతో రుద్దాలి, తర్వాత అంచున రబ్బరు పట్టీకి నలుపు రంగు వేయాలి. మొదటి మూడు చక్రాలు సరదాగా ఉంటాయి, పద్నాలుగోది చేసేటప్పుడు ఇదెందుకు కొన్నానా అనిపిస్తుంది. నేను వీటిని ఇంట్లోవాళ్లు సీరియల్ చూసేటప్పుడు రుద్దుతాను. రెండు సాయంత్రాల పని. ఇది భరించగలరంటే మీరు ట్యాంకు మనిషే. జర్మన్ టైగర్ జోలికి మాత్రం మొదట్లో పోకండి. తొలినాళ్ల టైగర్‌కి ఒక్కో పక్క 8 ఇరుసులు, ఇరుసుకి 3 బిళ్లలు, ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. మొత్తం 48.

చక్రాల మీదుగా తిరిగే పట్టా కూడా చూసుకోవాలి. కొన్ని కిట్లలో అది మెత్తని వినైల్ బెల్టులా ఒకే ముక్కగా వస్తుంది. రెండు చివరలూ కలిపేస్తే అయిపోతుంది. కొన్నిట్లో ఒక్కో లంకె విడిగా వస్తుంది, పక్కకి ఎనభై తొంభై దాకా. చూడ్డానికి రెండోది బాగుంటుందనేది నిజమే. మొదటిసారి మాత్రం బెల్టే తీసుకోండి.

బురద గురించి ఒక మాట. పెరట్లో మట్టి జల్లెడ పట్టి పూస్తే సహజంగా ఉంటుందని నేనూ అనుకున్నాను. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో 17 మిల్లీమీటర్ల గులకరాయితో సమానం. ట్యాంకు మీద కంకర పోసినట్టు తయారైంది. స్టేషనరీ షాపులో దొరికే పాస్టెల్ చాక్ గోధుమ రంగుది కొని, బ్లేడుతో గీరి, ఆ పొడిని బ్రష్‌తో అద్దండి. ఖర్చు కూడా తక్కువే.

మన సైన్యం వాహనాలే కట్టాలనుకునేవాళ్లకూ ట్యాంకుల వైపే సులువు. టమియా టీ-72ఎం1 కిట్ ఉంది. మన అజేయ ట్యాంకుకు మూలం ఆ రకమే. తెలంగాణవాళ్లకు ఇంకా దగ్గరిది సైనికులను మోసుకెళ్లే బీఎంపీ-2. మన దగ్గర శరత్ అని పిలిచే ఈ వాహనం తయారయ్యేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో, మెదక్ పేరుతో ఉన్న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో. జ్వెజ్దా అనే రష్యన్ కంపెనీ 1/35లో దీని కిట్ చేసింది. పొడవు 19 సెంటీమీటర్లు. చిక్కల్లా డబ్బాలో సాధారణంగా రష్యన్ గుర్తులే వస్తాయి. మనవి విడిగా కొనాలి, లేదా సన్నని బ్రష్‌తో చేత్తో వేసుకోవాలి.

విమానం: తొందరగా అవుతుంది, తప్పులు ఎత్తి చూపిస్తుంది

రెండు ఆదివారాల్లో ఒక వస్తువు పూర్తిచేసి చేతిలో పట్టుకోవాలంటే విమానమే. 1/72 స్పిట్‌ఫైర్ మార్క్ 1 పొడవు 13 సెంటీమీటర్లు కూడా లేదు. ఎయిర్‌ఫిక్స్ లాంటి కంపెనీల మామూలు స్పిట్‌ఫైర్ కిట్లో ముక్కలు తక్కువ. స్టార్టర్ సెట్ అయితే రంగులు, బ్రష్, జిగురు అందులోనే ఇస్తారు. ఎయిర్‌ఫిక్స్ మొదటి విమానం కిట్ కూడా, 1953లో, స్పిట్‌ఫైరే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన వైమానిక దళంలోనూ ఈ విమానాలు ఉండేవి.

విమానంలో చాకిరీ రెండు చోట్ల. మొదటిది వీపు మీది అతుకు. విమానం ఒళ్లు కుడి సగం, ఎడమ సగంగా వస్తుంది. అంటించాక ముక్కు నుంచి తోక దాకా గీత కనబడుతుంది. అసలు విమానానికి అక్కడ గీత ఉండదు. దాన్ని పుట్టీతో నింపి, నీళ్లలో తడిపిన సన్న గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి చూసి, మళ్లీ కనబడితే మళ్లీ రుద్దాలి. ఇక్కడ బురద పూసి తప్పించుకోవడం కుదరదు.

రెండోది పైలట్ మీద ఉండే అద్దం. నా మొదటి విమానానికి ఆ అద్దాన్ని ఫెవిక్విక్‌తో అంటించాను. పొద్దున లేచి చూస్తే లోపలంతా చలికాలం బస్సు కిటికీలా తెల్లగా మసకబారింది. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరే కారణం. అద్దాలకు మామూలు తెల్ల ఫెవికాల్ వాడండి. ఆరాక కనబడదు, పొరపాటున ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

ఇంకో సంగతి, ముక్కు కింద చక్రం ఉండే విమానాలు తోక మీద కూర్చుంటాయి. అమెరికా పీ-38 కట్టి, రంగులన్నీ వేసి, గర్వంగా టేబుల్ మీద పెడితే ముక్కు గాల్లోకి లేపి కూర్చుంది. ముక్కులో బరువు పెట్టమని సూచనల కాగితంలో ఉంది, నేనే చూడలేదు. గాలానికి కట్టే సీసం గుండ్లు దీనికి బాగా పనికొస్తాయి, విశాఖలో వాటికి కొరత లేదు. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు మాత్రం ఇవ్వొద్దు. స్పిట్‌ఫైర్ ఎలాగూ తోక మీదే నిలబడుతుంది కాబట్టి ఈ బెడద లేదు. మొదటి విమానంగా దాన్నే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

మన విమానాలు కావాలనుకుంటే డబ్బా మీది పేరుతో పాటు రకం కూడా చదవండి. ఎయిర్‌ఫిక్స్ 1/72లో నాట్ విమానం ఉంది, కానీ అది బ్రిటిష్ రెడ్ ఆరోస్ విన్యాసాల దళం వాడిన రెండు సీట్ల శిక్షణ విమానం. 1965, 1971 యుద్ధాల్లో మనవాళ్లు నడిపింది ఒకే సీటు నాట్. మిగ్-21 అయితే మరీ. మన దళంలో ఎఫ్ఎల్, ఎం, బిస్ అని రకాలుండేవి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకునేనాటికి మిగిలింది బిస్ నుంచి వచ్చిన బైసన్. వీపు మీది ఉబ్బు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఎఫ్-13 రకం కిట్ కొని దాన్ని మన బిస్‌గా మారుద్దామనుకుంటే విమానం సగం మళ్లీ చెక్కాలి.

కళ్లజోడు నంబరు పెరుగుతున్నవాళ్లు 1/72 వదిలి 1/48కి వెళ్లండి. మిగ్-21 అందులో 30 సెంటీమీటర్లు వస్తుంది, చేతికి ఇంపుగా ఉంటుంది. చెక్ కంపెనీ ఎడ్వర్డ్ చేసిన 1/48 మిగ్-21 కిట్లకు మంచి పేరుంది. కాక్‌పిట్ లోపలి మీటర్లు కూడా చదవగలిగినంత వివరం. అది మూడో కిట్ అవ్వాలి తప్ప మొదటిది కాకూడదు.

ఓడ: ఆశ ఎక్కువ, ఓపిక అంతకన్నా ఎక్కువ కావాలి

అన్నిట్లోకీ అందమైనది ఓడే. పూర్తయిన 1/700 యుద్ధనౌకను అరలో పెడితే ఇంటికొచ్చినవాళ్లు ముందు దాని దగ్గరే ఆగుతారు. కానీ ఒక్క యమాటో సంగతి చూడండి. చివరి రోజుల్లో దాని మీద విమానాలను కాల్చే 25 మిల్లీమీటర్ల తుపాకీ గొట్టాలు 150 దాకా ఉండేవి. 1/700లో లెక్కప్రకారం ఒక్కో గొట్టం వెంట్రుకంత. ప్లాస్టిక్‌లో అంత సన్నగా పోయలేరు కాబట్టి కొంచెం లావుగా ఇస్తారు, అయినా పట్టకారుతోనే పట్టుకోవాలి. పట్టకారు కాస్త గట్టిగా నొక్కితే ముక్క ఎగిరిపోతుంది. మా ఇంటి చాపల కింద నా ఓడల ముక్కలు ఎన్నున్నాయో లెక్కలేదు.

విమాన వాహక నౌక చూసి ఇంకా మోసపోతాం. పైన బల్లపరుపుగా ఉంటుంది కదా, తేలికే అనిపిస్తుంది. డెక్ మీద పెట్టే విమానాలు ఒక్కొక్కటి 2 సెంటీమీటర్లు. ఒక్కోదానికి రెక్కలు, తోక, చక్రాలు విడివిడిగా అంటించాలి, తర్వాత గోరు మీద సగం ఉండే గుర్తులు నీళ్లలో నానబెట్టి అతికించాలి. నా వాహక నౌక మీద పదకొండు విమానాలున్నాయి. మిగతా పదమూడు మూడేళ్లుగా ఫ్రేములోనే ఉన్నాయి. పైపెచ్చు రెయిలింగులకు ఇత్తడి రేకు ముక్కలు విడిగా కొనమంటారు. మొదటి ఓడకు కొనకండి. తాళ్లు, యాంటెన్నా తీగలు కావాలంటే మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము ముక్కను దీపం మంటకు కాస్త ఎత్తులో పట్టుకుని, మెత్తబడగానే పక్కకు తీసి రెండు చేతులతో లాగండి. దారం కన్నా సన్నని తీగ వస్తుంది. ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు: జలాంతర్గామి. ఓడల్లో భాగమే అయినా మొత్తం హాబీలో ఇంత తక్కువ ముక్కలున్న కిట్ ఇంకోటి దొరకడం కష్టం. ఒళ్లు రెండు ముక్కలు, పైన గూడు, ప్రొపెల్లరు, చుక్కానులు, పెరిస్కోపులు, అంతే. హాబీబాస్ అనే కంపెనీ 1/350లో కిలో తరగతి జలాంతర్గామి కిట్ చేసింది. మన నౌకాదళంలో సింధుఘోష్ తరగతి అనేవి ఇవే. ఇది కుర్సురా కాదు, కుర్సురా అంతకు ముందు తరం, ఫాక్స్‌ట్రాట్ తరగతిది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియమైంది. కాకపోతే జలాంతర్గామి ఒళ్లు నున్నగా ఉంటుంది కదా, అతుకు ఒక్కటి మిగిలినా దూరం నుంచే కనబడుతుంది. విమానం చాకిరీయే, కానీ ఒకే చోట.

జిగురు, రంగు, మన వాతావరణం

ప్లాస్టిక్ కిట్లకు అసలైన జిగురు ప్లాస్టిక్ సిమెంట్. ఇది ముక్కల అంచులను కొంచెం కరిగించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. నీళ్లలా పల్చగా ఉండి, మూతకే బ్రష్ ఉండే సీసా తీసుకోండి. ముక్కలు దగ్గర పెట్టి అంచున తాకిస్తే సందులోకి అదే పాకుతుంది. తప్పు అతుకు విడదీయడానికి గోళ్ల రంగు తీసే ద్రావకం మాత్రం వాడకండి, అందులో అసిటోన్ ఉంటే మొత్తం ముక్కే కరిగిపోతుంది.

రంగుల్లో లాకర్ (ఘాటైన ద్రావకంలో కలిపిన రంగు) స్ప్రేలు బాగుంటాయి కానీ మండే సరుకు కాబట్టి కొరియర్‌లో పంపడానికి చాలామంది ఒప్పుకోరు. పైగా తీరంలో వానాకాలం గాలిలో చెమ్మకు అవి తెల్లగా పాలిపోతాయి. పిల్లలున్న ఇంట్లో నీటితో కలిపే మోడల్ ఆక్రిలిక్ రంగులే మేలు. స్కూలు డ్రాయింగ్ ఆక్రిలిక్‌తో నెట్టుకొద్దామనుకుంటే ముందు ప్రైమర్ కొట్టండి, లేకపోతే గోరు తగిలితే పొరలా లేచొస్తుంది.

ఇక ఎవరికి ఏది

పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు 1/72 స్పిట్‌ఫైర్ స్టార్టర్ సెట్ లేదా 1/350 జలాంతర్గామి. రెండూ వాళ్ల ఓపిక అయిపోయేలోపే పూర్తవుతాయి. కత్తి పని మాత్రం పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాలి. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు అరగంట కూర్చోగలిగేవాళ్లకు 1/35 టీ-55 లేదా బీఎంపీ-2. చక్రాల పని ముక్కలు ముక్కలుగా చేసుకోవచ్చు, మధ్యలో వారం వదిలేసినా నష్టం లేదు. విమానానికి రంగు వేయడం అలా సగంలో వదిలేస్తే రెండోసారి వేసిన పొర వేరే రంగులా కనబడుతుంది. చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్లకు 1/72 విమానాలు, 1/700 ఓడలు. ఓడను మాత్రం రెండు మూడు కిట్లు చేతిలో పడ్డాకే తీయండి, అది కూడా డిస్ట్రాయర్ లాంటి చిన్న యుద్ధనౌకతో మొదలుపెట్టండి. యమాటో ఎక్కడికీ పోదు, షాపులో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

బహుమతిగా ఇచ్చేవాళ్లు కిట్‌తో పాటు సైడ్ కట్టర్, జిగురు కూడా కొనివ్వండి. ఒట్టి డబ్బా ఇస్తే పిల్లలు ముక్కలు చేత్తో తిప్పి విరిచేస్తారు, సగం ముక్క ఫ్రేముకే ఉండిపోతుంది.

మా వాడికి కిలో జలాంతర్గామి తెప్పించాను. కుర్సురా కాదని కాసేపు అలిగాడు. తర్వాత జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి కొలిచాడు, 20 సెంటీమీటర్ల మీద కొంచెం వచ్చింది. అసలు జలాంతర్గామి పొడవు 72.6 మీటర్లని చెబితే 350తో భాగించి చూసుకుని, "కరెక్టే మావయ్యా, మనల్ని మోసం చేయలేదు" అన్నాడు. అతుకు మూడుసార్లు రుద్దాడు, నలుపు రంగు నిన్నే ఆరింది. ఇప్పుడు టీయూ-142 కావాలట. 1/144లో అయితే 37 సెంటీమీటర్లేరా అన్నాను. వాళ్లమ్మ టేపు పట్టుకుని టీవీ పక్కన అర కొలుస్తోంది.